పెద్ద సంతకమా, తెలిసిన సంతకమా? – సిఫారసు లేఖల కథ



ఈ పాఠంలో మనం ఒక చిన్న కాగితం చరిత్ర చెప్పుకుందాం. అది డిగ్రీ పట్టా కాదు, మార్కుల జాబితా కాదు. మీ గురించి మరొకరు రాసి, కవరులో పెట్టి, అంటించి పంపే కాగితం. దాన్ని సిఫారసు లేఖ అంటాం, రికమెండేషన్ లెటర్ అంటాం. ఇంటర్ తర్వాత విదేశాల్లో చదవాలనుకునేవారికీ, డిగ్రీ తర్వాత పరిశోధనలోకి వెళ్లాలనుకునేవారికీ, వేసవిలో మన దేశపు సైన్సు అకాడమీలు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేవారికీ ఈ కాగితంతో పని పడుతుంది. అప్పుడు మీ ముందుకు వచ్చే మొదటి ప్రశ్న ఇది: ఏ మాస్టారిని అడగాలి?

చూడటానికి ఇది చిన్న ప్రశ్నే. కానీ ఇదే ప్రశ్నతో రాజ్యాలు కుస్తీ పట్టాయి. మనిషిని ఎంచుకోవాలంటే అతణ్ణి ఎరిగినవారి మాట నమ్మాలా, అందరికీ ఒకే పరీక్ష పెట్టాలా అన్న వాదన రెండు వేల ఏళ్లుగా సాగుతూనే ఉంది. ఆ వాదన తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరుకుతుంది.

నిమ్‌పురా యార్డులో సుత్తి చప్పుడు

నేను పెరిగింది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే కాలనీలో. మా నాన్న యార్డులో పని చేసేవారు. నిమ్‌పురా యార్డు అంటే గూడ్సు బండ్లను విడదీసి, వ్యాగన్లను గమ్యాల వారీగా మళ్లీ కూర్చే చోటు. రాత్రి పడుకుంటే వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడే మాకు జోలపాట.

ఆ యార్డులో టి.ఎక్స్.ఆర్. అనే ఉద్యోగి ఉంటారు. అంటే బండిని పరీక్ష చేసే మనిషి. మా చిన్నప్పుడు ఆ విభాగంవాళ్లు చేతిలో పొడవాటి కర్ర ఉన్న సుత్తి పట్టుకుని బండి వెంట నడిచేవారు. ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి చూసేవారు. గట్టి చక్రం గంటలా ఖంగున మోగుతుంది. పగులున్న చక్రం బొద్దుగా పలుకుతుంది. చక్రాలు, బ్రేకులు అన్నీ చూశాక బ్రేక్ పవర్ సర్టిఫికెట్ రాసి సంతకం పెడతారు. దాని మీద డ్రైవరు, గార్డు కూడా సంతకాలు చేస్తారు. ఆ కాగితం చేతికి వస్తేనే బండి కదులుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కాగితం మీద జనరల్ మేనేజరు సంతకం ఉండదు. ఆయన ఎంతో పెద్ద అధికారి. కానీ ఆ బండి చక్రాన్ని ఆయన కొట్టి చూడలేదు కదా!

నేను బి.ఎస్సీ. పూర్తి చేసినప్పుడు దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ.కి దరఖాస్తు చేశాను. వాళ్లు రెండు సిఫారసు లేఖలు అడిగారు. ఒకటి మా కాలేజీ ల్యాబు మాస్టారి దగ్గర తీసుకున్నాను. రెండోది మా నాన్న ఎంతో శ్రమపడి ఒక పెద్ద అధికారి దగ్గర సంపాదించారు. ఆ కవరును దేవుడి పటం దగ్గర పెట్టి మరీ నాకిచ్చారు. మా పక్క క్వార్టరులో ఉండే టి.ఎక్స్.ఆర్. గారిని మేం చిన్నాన్నా అని పిలిచేవాళ్లం. ఆయనది శ్రీకాకుళం వైపు మాట. కవరు మీది హోదా చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఏటి బాబూ, ఈయన ఎప్పుడైనా నీ చక్రం కొట్టి చూశాడా?"

నాకప్పుడు ఆ మాట అర్థం కాలేదు. ఎప్పుడు అర్థమైందో పాఠం చివర చెబుతాను. ఇప్పుడు చరిత్రలోకి వెళదాం.

ఎరిగినవారి మాట, ఎరగనివారి పరీక్ష

సిఫారసు అనే మాట పారసీకం నుంచి మనకు వచ్చింది. మాట అక్కడిదే అయినా అలవాటు అన్ని దేశాలదీ. రోమన్ వక్త సిసిరో ఉత్తరాలు నేటికీ దొరుకుతున్నాయి. ఆయన మిత్రులకు రాసిన ఉత్తరాల సంపుటాల్లో 13వది దాదాపు పూర్తిగా సిఫారసు లేఖలతోనే నిండి ఉంది. అంటే క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోనే పెద్దమనుషులకు ఇది రోజువారీ పని.

ఈ అలవాటును ప్రభుత్వ పద్ధతిగా మార్చింది చైనా. క్రీ.పూ. 134లో హాన్ వంశపు చక్రవర్తి ఊ, తల్లిదండ్రుల పట్ల భక్తి ఉన్నవారినీ నిజాయితీపరులనూ ఎంచి కొలువుకు పంపమని జిల్లాలను ఆదేశించాడు. ఉద్దేశం మంచిదే. మనిషి గుణం దగ్గర ఉన్నవాడికి తెలుస్తుంది కదా! కానీ కొన్ని తరాలు గడిచేసరికి ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించండి. సిఫారసు చేసే అధికారులు తమ బంధువులనూ, పలుకుబడి గల ఇళ్ల పిల్లలనూ పంపడం మొదలుపెట్టారు. పద్ధతి మిగిలింది, ప్రయోజనం పోయింది.

దానికి విరుగుడుగా 7వ శతాబ్దం ఆరంభంలో, సూయి వంశం కాలంలో, రాత పరీక్షలకు పునాది పడింది. సోంగ్ వంశం నాటికి అవి ఎంత కట్టుదిట్టమయ్యాయంటే, అభ్యర్థి పేరు కనిపించకుండా మూసేవారు. దస్తూరీ బట్టి గుర్తుపట్టకుండా, గుమాస్తాలు జవాబు పత్రాలను తిరగరాసి ఆ నకళ్లనే దిద్దేవారికి ఇచ్చేవారు. నేడు మీ జవాబు పత్రం మీద పేరు బదులు కోడ్ నంబరు వేస్తున్నారంటే, ఆ ఆలోచనకు వెయ్యేళ్ల వయసుంది. ఈ చైనా పరీక్షలు 1905లో రద్దయ్యే దాకా సాగాయి.

మన దేశంలోనూ ఇదే కథ నడిచింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో సివిల్ ఉద్యోగాలకు మనుషులను కంపెనీ డైరెక్టర్లు నామినేట్ చేసేవారు. డైరెక్టరు మేనల్లుడో స్నేహితుడి కొడుకో అయితే చాలు, హెయిలీబరీ కాలేజీలో చదివించి ఇండియాకు పంపేవారు. 1853 చార్టర్ చట్టం ఈ హక్కును తీసేసింది. 1855లో లండన్‌లో మొదటి పోటీ పరీక్ష జరిగింది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఆ పరీక్ష నెగ్గి ఇండియన్ సివిల్ సర్వీసులో చేరిన మొదటి భారతీయుడయ్యాడు. సిఫారసు రాజ్యం నడిచినంత కాలం ఆ తలుపు ఆయనకు తెరుచుకునేది కాదు.

అయితే పరీక్ష అన్నంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు. ఆ పరీక్ష 1922 దాకా లండన్‌లోనే జరిగింది. ఓడ ఖర్చు పెట్టుకోలేనివాడికి ఆ తలుపు ఉన్నా లేనట్టే.

ఖరగ్‌పూర్‌లో సిఫారసుకు ఉన్న మరో అర్థం

ఇప్పుడు మళ్లీ మా ఊరికి వద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తూర్పు తీరం వెంట వాల్తేరు వైపు వెళ్లే మార్గం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు, రైల్వే కాలనీ వెలిశాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు ఆ పట్టాల వెంటే పనికోసం వచ్చి స్థిరపడ్డారు. అందుకే బెంగాల్ నడిబొడ్డున ఉన్న ఈ ఊళ్లో ఇవాళ్టికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది.

అలాంటి ఊరి నుంచి వచ్చినవాళ్లకు సిఫారసు అనే మాట వినగానే ముఖం చిట్లుతుంది. ఎందుకో చెబుతాను. ఆ రోజుల్లో దేశమంతటా ఫ్యాక్టరీల్లో కూలీలను పనిలోకి తీసుకోవడం మేస్త్రీల, సర్దార్ల చేతుల్లో ఉండేది. మేస్త్రీ మాట లేనిదే పని లేదు, చెయ్యి తడపనిదే మాట లేదు. భారత కార్మికుల స్థితిగతులపై నియమించిన విట్లీ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఈ లంచాల తంతును ఎండగట్టింది. నియామకాలను మేస్త్రీల చేతుల్లోంచి తప్పించాలని చెప్పింది. ఖరగ్‌పూర్ కార్మికులు 1927లో చేసిన పెద్ద సమ్మెకు నాయకత్వం వహించినవారిలో వి.వి.గిరి ఒకరు. తర్వాతి కాలంలో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు. పై వాడి దయ మీద కాక, నియమం మీద ఉద్యోగం నిలబడాలన్నది ఆ తరం కార్మికుల ఆరాటం.

మా నిమ్‌పురా నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హిజ్లీ ఉంది. బ్రిటిషువారు అక్కడ స్వాతంత్ర్య యోధుల కోసం నిర్బంధ శిబిరం పెట్టారు. 1931 సెప్టెంబర్ 16న అక్కడ నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1951లో, అదే భవనంలో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. తరగతులు మొదలయ్యాయి. తొలి ఏళ్లలో మార్కులు, ఇంటర్వ్యూల ఆధారంగా విద్యార్థులను చేర్చుకున్నారు. తర్వాత రాత పరీక్ష వచ్చింది. 1960ల మొదట్లో అన్ని ఐ.ఐ.టి.లకూ కలిపి ఒకే ప్రవేశ పరీక్ష స్థిరపడింది. ఖలాసీ కొడుకైనా కలెక్టరు కొడుకైనా ఒకే ప్రశ్నాపత్రం. సిఫారసుల బాధ పడిన దేశం ఆ దారి ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మరి పరీక్ష ఇంత గొప్పదైతే, ఉత్తరం ఇంకా ఎందుకు బతికి ఉంది? దీనికి జవాబు నెల్లూరులో ఉంది.

నెల్లూరు కలెక్టరు గారి ముందు ఒక యువకుడు

1910 డిసెంబర్. నెల్లూరు కలెక్టరు ఆర్.రామచంద్రరావు గారి దగ్గరకు ఒక యువకుడు వచ్చాడు. చంకలో నోటు పుస్తకం. పరీక్షల లెక్క ప్రకారం చూస్తే అతను ఎందుకూ కొరగానివాడు. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. ఒక్క గణితం తప్ప మరేదీ చదవలేదు మరి! ఆ యువకుడి పేరు శ్రీనివాస రామానుజన్.

అతను అక్కడిదాకా ఎలా వచ్చాడో చూడండి. మొదట భారత గణిత సంఘాన్ని స్థాపించిన వి.రామస్వామి అయ్యర్‌ను కలిశాడు. ఆయన నోటు పుస్తకం చూసి మద్రాసుకు పంపారు. అక్కడ, ఒకప్పుడు కుంభకోణంలో అతనికి పాఠం చెప్పిన పి.వి.శేషు అయ్యర్ ఉన్నారు. శేషు అయ్యర్ రామచంద్రరావు గారికి సిఫారసు చీటీ రాసిచ్చారు. రామచంద్రరావు గారు కలెక్టరు మాత్రమే కాదు, గణితం మీద ప్రేమ ఉన్న మనిషి, గణిత సంఘంలో ముఖ్యుడు. ఆయన కూడా మొదట ఆ నోటు పుస్తకంలో ఉన్నది నిజమైన గణితమో కాదో తేల్చుకోలేకపోయానని తర్వాత నిజాయితీగా రాసుకున్నారు. మళ్లీ రమ్మన్నారు. రామానుజన్ తెలివిగా చిన్న ఫలితాలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎవరూ ఎరగని చోటికి ఆయన్ను తీసుకెళ్లాడు. చివరికి ఆయనకు నమ్మకం కుదిరింది. కొంతకాలం నెలకు 25 రూపాయలు తన సొంత డబ్బు ఇచ్చారు.

ఇక్కడి నుంచి నాలుగు ఉత్తరాలు చూద్దాం. నాలుగూ నాలుగు పాఠాలు.

మొదటిది మిడిల్‌మాస్ట్ రాసినది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు. మద్రాసు పోర్టు ట్రస్టులో లెక్కల గుమాస్తా ఉద్యోగానికి రామానుజన్ ఆ ఉత్తరం జతచేశాడు. గణితంలో అసాధారణ శక్తి ఉందని చెప్పి ఊరుకోలేదు ఆయన. అంకెల పనిలో ఇతను చాలా చురుకు అని కూడా రాశారు. గుమాస్తాకు కావలసింది అదే కదా! చేరబోయే పనికి తగిన గుణాన్ని ఎంచి చెప్పడం ఆ ఉత్తరంలోని నేర్పు. 1912 మార్చి 1న రామానుజన్ నెలకు 30 రూపాయల జీతంతో చేరాడు.

రెండవది గ్రిఫిత్ రాసినది. ఆయన మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో ఆచార్యుడు. రామానుజన్ పనిని తాను తూచలేనని ఆయనకు తెలుసు. అందుకే 1912 నవంబర్‌లో లండన్‌లో ఉన్న తన సొంత గురువు హిల్‌కు రాశారు. హిల్ పొగడలేదు. తప్పులు చూపించి, చదవవలసిన పుస్తకం చెప్పారు. కానీ శ్రద్ధగా జవాబిచ్చారు. తమకు తెలియనిది తెలిసినవారికి అప్పజెప్పడం కూడా సిఫారసే.

మూడవది ఎవరి సిఫారసూ లేకుండా రామానుజన్ తానే రాసుకున్నది. కేంబ్రిడ్జిలోని ఇద్దరు పెద్ద గణితజ్ఞులు, బేకర్, హాబ్సన్, అతనికి చెయ్యందించలేదు. 1913 జనవరి 16న హార్డీకి రాశాడు. ఆ ఉత్తరంలో హోదాలు లేవు, పెద్దల పేర్ల దండకం లేదు. ఉన్నది పని. పేజీల కొద్దీ సిద్ధాంతాలు. హార్డీ తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుని వాటిని చదివాడు. ఆ పని వెనక అసలైన గణితజ్ఞుడు ఉన్నాడని తేల్చుకున్నాడు.

నాలుగవ ఉత్తరమే నాకు అన్నిటికంటే ఇష్టం. 1913 ఫిబ్రవరి చివర్లో భారత వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చారు. వర్షాకాలాల లెక్కలు కడుతూ దక్షిణ డోలనం అనే దృగ్విషయాన్ని తర్వాత గుర్తించింది ఈయనే. ఒకప్పుడు కేంబ్రిడ్జిలో గణితం బోధించినవారు. పోర్టు ట్రస్టు చైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ రామానుజన్ కాగితాలు ఆయనకు చూపించారు. వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఇతని పనిలోని కొత్తదనం కేంబ్రిడ్జి కాలేజీ ఫెలోతో పోల్చదగినది. కానీ ఫలితాలను పూర్తిగా ఒప్పుకోవడానికి కావలసిన సంపూర్ణత, కచ్చితత్వం ఇంకా లేవు. ఆ శాఖలు నా ప్రత్యేక విషయాలు కావు కాబట్టి ఇతని శక్తిని కచ్చితంగా అంచనా వేయలేను. అయినా కొన్నేళ్లు బతుకు బెంగ లేకుండా గణితం చేసుకోనివ్వడం విశ్వవిద్యాలయానికి తగిన పని.

విద్యార్థులారా, ఆ ఉత్తరాన్ని భూతద్దం పెట్టి చూడండి. అందులో పోలిక ఉంది: ఎవరితో సమానమో చెప్పారు. లోపం ఉంది: దాచలేదు. హద్దు ఉంది: తనకు తెలియనిది ఒప్పుకున్నారు. కోరిక ఉంది: ఏం చేయాలో సూటిగా చెప్పారు. లోపాన్ని ఒప్పుకున్నందువల్లే పొగడ్తకు విలువ వచ్చింది. విశ్వవిద్యాలయం 1913 మే 1 నుంచి నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. పట్టా లేనివాడికి పరిశోధక వేతనం! 1914 మార్చిలో రామానుజన్ ఓడెక్కాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

పరీక్ష అతణ్ణి పోగొట్టింది. ఎరిగినవారి మాట తిరిగి తెచ్చింది. పరీక్ష మనం అడిగిన ప్రశ్నలకు జవాబు వచ్చునో లేదో చెబుతుంది. ఎవరూ అడగని ప్రశ్నను తానే వేసుకోగలడా అన్నది పక్కన నిలబడి చూసినవాడే చెప్పగలడు. పరిశోధనకు కావలసింది రెండోది. అందుకే ఉత్తరం బతికి ఉంది.

మంచి పనిముట్టు, చెడ్డ చేతులు

అలాగని ఉత్తరాన్ని నెత్తిన పెట్టుకోవద్దు. 1920ల అమెరికాను చూడండి. అప్పటిదాకా హార్వర్డ్ వంటి విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి ప్రధానంగా చదువే కొలత. వలస వచ్చిన పేద యూదు కుటుంబాల పిల్లలు చదువులో ముందుండి ఎక్కువ సంఖ్యలో చేరసాగారు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ యూదుల సంఖ్యకు హద్దు పెట్టాలన్నాడు. బాహాటమైన కోటాకు ఎదురు దెబ్బ తగిలింది. 1926 నాటికి వ్యక్తిత్వం, నడవడి అనే కొలతలు ముందుకొచ్చాయి. ఫొటో, ఇంటర్వ్యూ, పెద్దల లేఖ అడిగారు. ఇతర పేరున్న విశ్వవిద్యాలయాలూ ఇదే బాట పట్టాయి. గుణం పేరు చెప్పి కులగోత్రాలు చూడటం అన్నమాట. యూదు విద్యార్థుల వాటా తగ్గింది.

పరీక్షకూ ఇలాంటి మచ్చ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లపై పరిశోధన చేసి, తర్వాత కేన్సర్ మందులకు బాట వేసిన శాస్త్రవేత్త ఆయన!

కాబట్టి చరిత్ర చెప్పేది ఇదీ: పరీక్షా నిర్దోషి కాదు, ఉత్తరమూ నిర్దోషి కాదు. ఉత్తరాన్ని నిలబెట్టేది రాసేవాడి హోదా కాదు. తాను చూసినది చూసినట్టు చెప్పే సాక్ష్యం.

మరి మీరు ఎవరిని అడగాలి?

ఇప్పుడు నా కథ పూర్తి చేస్తాను. ఎం.ఎస్సీ. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. నా ముందే రెండు కవర్లూ తెరిచారు. అధికారి గారి లేఖ నాలుగు వరుసలు. వీళ్ల నాన్న నమ్మకమైన ఉద్యోగి, కుర్రవాడి నడవడి మంచిది అని. చదివి పక్కన పెట్టారు. ఆయన తప్పేమీ లేదు. తనకు తెలిసినదే రాశారు, అంతకంటే తెలియదు.

ల్యాబు మాస్టారి లేఖ ఒకటిన్నర పేజీ. నేను మరిచిపోయిన సంగతి అందులో ఉంది. మీటర్ బ్రిడ్జి ప్రయోగంలో కుడి ఎడమల గ్యాపుల్లో నిరోధాలను తారుమారు చేస్తే నాకు జవాబు మారిపోయేది. పక్కవాళ్ల రీడింగులు చూసి సరిచేసుకోకుండా మూడు రోజులు మళ్లీ మళ్లీ చేశాను. చివరికి రాగి పట్టీ దగ్గర ఒక మర వదులైందని కనిపెట్టాను. ఇతని ఇంగ్లీషు తడబడుతుంది, రాత పరీక్షలో వేగం తక్కువ, కానీ తప్పుడు రీడింగును ఒప్పుకోడు అని ఆయన రాశారు. ముప్పావు గంట ఆ ముగ్గురూ ఆ వదులైన మర గురించే అడిగారు. సీటు వచ్చింది.

ఆ రోజు రైల్లో తిరిగి వస్తుండగా చిన్నాన్న ప్రశ్న అర్థమైంది. నా చక్రాన్ని కొట్టి చూసినవారు ల్యాబు మాస్టారు.

ఇందులోంచి మీకు పనికొచ్చే సూత్రాలు తీద్దాం.

ఒకటి, మీ పని చూసినవారిని అడగండి. ప్రిన్సిపాల్ గారి లెటర్‌హెడ్ కంటే మీ రికార్డు పుస్తకం దిద్దిన లెక్చరర్ సంతకం మేలు. ఒక పరీక్ష పెట్టుకోండి: "నా గురించి ఈ మాస్టారు ఒక సంఘటన చెప్పగలరా?" చెప్పగలరు అనిపిస్తే ఆయనే సరైనవారు.

రెండు, ఎక్కువ మార్కులు వేసిన మాస్టారే కానక్కరలేదు. మీరు తడబడి, లేచి, నిలదొక్కుకున్న సబ్జెక్టు టీచరుకు మీ గురించి చెప్పడానికి ఎక్కువ ఉంటుంది. తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయని ఎలాగూ మార్కుల జాబితా చెబుతుంది. దాన్నే తిరిగి రాసే లేఖ వృథా.

మూడు, చేరబోయే చదువుకు దగ్గరగా ఉన్నవారిని, ఈ మధ్య పాఠం చెప్పినవారిని ముందు చూడండి. ఎనిమిదో తరగతి మాస్టారికి మీరంటే ప్రాణం కావచ్చు. కానీ ఆయనకు తెలిసింది ఎనిమిదో తరగతి పిల్లవాడు.

నాలుగు, రెండు మూడు లేఖలు అడిగితే రెండు మూడు కోణాలు చూసుకోండి. ఒకరు ల్యాబులో చూసినవారు, ఒకరు తరగతిలో మీ ప్రశ్నలు విన్నవారు, ఒకరు ప్రాజెక్టు చేయించినవారు. ముగ్గురూ ఒకే మాట చెబితే అది ఒక లేఖతో సమానం.

ఐదు, అడిగే తీరు. కనీసం నెల రోజుల ముందు, ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లండి. "మాస్టారూ, నా గురించి గట్టిగా రాయగలనని మీకు అనిపిస్తేనే రాయండి. లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి, నేనేమీ అనుకోను" అనండి. ఆయన తటపటాయిస్తే నమస్కారం పెట్టి మరొకరి దగ్గరకు వెళ్లండి. అరకొర మనసుతో రాసిన లేఖ కంటే మర్యాదగా చెప్పిన కాదు మేలు. ఒప్పుకుంటే మీ మార్కులు, చేసిన పనుల జాబితా, ఎక్కడికి ఎందుకు దరఖాస్తు చేస్తున్నారో ఒక పేజీ, గడువు తేదీ రాసి ఇవ్వండి.

ఆరు, "నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను" అనే మాట చాలామందికి ఎదురవుతుంది. వినయంగా తప్పుకోండి. "నేను చేసిన పనుల వివరాలు రాసిస్తాను మాస్టారూ, మాట మీదే ఉండాలి" అనండి. చూడని చక్రానికి సర్టిఫికెట్ రాసుకోవడం ఎంత ప్రమాదమో రైల్వే ఊళ్లో పిల్లవాడికి చెప్పనక్కరలేదు.

ఏడు, అమెరికా దరఖాస్తుల్లో లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతారు. 1974లో వచ్చిన ఒక చట్టం అక్కడ చేరిన విద్యార్థులకు తమ రికార్డులు చూసే హక్కు ఇచ్చింది. ఆ ప్రశ్న అందుకే. మీకు కనపడని లేఖలో మాస్టారు నిర్భయంగా నిజం రాస్తారని చదివేవారి నమ్మకం. నమ్మి అడిగిన మాస్టారైతే ఆ హక్కు వదులుకోవడానికి భయపడనక్కరలేదు.

"మా తరగతిలో ఎనభై మందిమి, నా పేరే ఏ మాస్టారికీ తెలియదు" అని మీలో కొందరు అనుకుంటున్నారు. నాకు తెలుసు, నేనూ ఆ బెంచీ నుంచే వచ్చాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, తరగతిలో ఇంగ్లీషు అయిన పిల్లవాడికి నోరు విప్పడమే పరీక్ష. దానికి మందు ఒకటే. లేఖ అడిగే రోజు కోసం ఆగకండి. ఈ వారమే ఒక మాస్టారి దగ్గరకు అర్థంకాని ఒక లెక్క తీసుకుని వెళ్లండి. వచ్చే వారం, దాన్ని మీరు ఎలా సాధించారో చెప్పడానికి మళ్లీ వెళ్లండి. రామానుజన్ కూడా నెల్లూరులో చేసింది అదే. నోటు పుస్తకం తెరిచి, మళ్లీ వెళ్లాడు.

లేఖ పంపాక మాస్టారికి ఫలితం చెప్పడం మరవకండి. సీటు వచ్చినా, రాకపోయినా. మా ల్యాబు మాస్టారికి ఆ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఒకే మాట అడిగారు. "ఆ మర మళ్లీ వదులైంది. వచ్చావుగా, కాస్త బిగించి వెళ్లు."

గుర్తుంచుకోండి

సిఫారసు పాడైనప్పుడు పరీక్ష పుట్టింది. పరీక్ష చూడలేనిది చూడటానికి లేఖ మిగిలింది. లేఖకు బలం హోదా వల్ల కాక, సాక్ష్యం వల్ల వస్తుంది. లోపాన్ని దాచని లేఖనే చదివేవారు నమ్ముతారు.

ఆలోచించండి

1. వాకర్ లేఖలో లోపాలు చెప్పడం రామానుజన్‌కు మేలు చేసిందా, కీడు చేసిందా? ఎందుకు?
2. చైనా హాన్ వంశంలోనూ, 1920ల అమెరికాలోనూ గుణం అనే కొలత ఎలా దారి తప్పింది?
3. మీ టీచర్లలో మీ గురించి ఒక సంఘటన చెప్పగలవారు ఎవరు? పేరు, ఆ సంఘటన ఒక కాగితం మీద రాసుకోండి. ఏమీ రాయలేకపోతే, ఈ వారం ఎవరి దగ్గరకు వెళతారో రాసుకోండి.